కబురు రాని చేతులు

నెంగా సుతీర్త అన్నం తింటుంటే ఒకసారి చూడాలి. పళ్ళెం వంక చూడడు, పక్కనున్న మనిషి వంక చూడడు, తన కుడిచేతి వంకే చూస్తాడు. పొరుగువాళ్ళ కోడి మన పెరట్లోకి దూరితే ఎలా కనిపెట్టుకుని ఉంటామో అలా. చెయ్యి పళ్ళెంలోకి దిగి, అన్నం కలిపి, పైకి లేచి, నోటిదాకా వచ్చేవరకూ రెప్ప వెయ్యడు. ఈలోగా ఎవరైనా పలకరించారా, ఇక అంతే. ముద్ద చెవి దగ్గరికి పోతుంది.

"ఏం నెంగా, చెయ్యి పారిపోతుందనా ఆ కాపలా?" అని పేటలో మగాళ్ళు వేళాకోళం చేస్తారు.

"పారిపోతుందనే," అంటాడు నెంగా, చేతి మీంచి చూపు తియ్యకుండా.

వాళ్ళు నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. అతను ఉన్నమాటే చెప్పాడని వాళ్ళకి తట్టదు. చాలాకాలం పాటు ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అతని భార్య కెర్ని, ఇంకొకరు దిన్‌పసార్ ఆస్పత్రిలో డాక్టరమ్మ.

బాలి కొండల్లో నారింజ తోటల మధ్య ఉన్న ఆ ఊళ్ళో నెంగా అంటే తోట కాదు గుర్తొచ్చేది, సిదకార్య. రెండొందల పది రోజులకోసారి గుడి పండగ వస్తుంది. లోపల పూజారి మంత్రం చదువుతుంటే, బయట ముంగిట్లో నెంగా ఒక్కడే ఒకదాని తర్వాత ఒకటి కొయ్య ముఖాలు మార్చుకుంటూ రాజుగా, మంత్రిగా, ముసలాడిగా ఆడతాడు. అన్నిటికన్నా ఆఖర్న సిదకార్య ముఖం. తెల్లటి మొహం, పొడుచుకొచ్చిన పళ్ళు, చింపిరి జుట్టు, కళ్ళ చోట రెండు సన్నని చీలికలు. ఆ ముఖంతో వచ్చి నాలుగు దిక్కులకీ పసుపు బియ్యం చల్లాలి. చల్లకపోతే ఎన్ని పందులు కోసినా, ఎన్ని పళ్ళు పేర్చినా పండగ జరిగినట్టు కాదు.

అతనికి ఆ నాట్యం పెదనాన్న పుగెర్ నేర్పాడు. నేర్పాడని తేలిగ్గా అనేస్తున్నాం గానీ, అక్కడ నేర్పడమంటే చూపించడం కాదు, ఒంట్లోకి ఎక్కించడం. ముసలాడు వెనకనించి అంటుకుని నిలబడేవాడు. తన మోకాళ్ళతో కుర్ర నెంగా మోకాళ్ళని వంచేవాడు. రెండు మణికట్లూ పట్టుకుని చేతుల్ని ఎక్కడికి పంపాలో అక్కడికి పంపేవాడు. భుజం దిగిపోతే గడ్డంతో పొడిచేవాడు. మెడ మీద ఎప్పుడూ తమలపాకు వాసన వేసే ఊపిరి. ఏడేళ్ళు అలా గడిచాక ఒకరోజు నెంగా సగం ఆటలో తల తిప్పి చూస్తే పెదనాన్న దూరంగా అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతున్నాడు. చేతులు ఎప్పుడు వదిలేశాడో నెంగాకి తెలియనే లేదు.

అద్దం అనేది ఆ ఇంట్లో నాట్యానికి వాడలేదు. తన ఆట ఎలా ఉంటుందో నెంగా కళ్ళతో ఎన్నడూ చూడలేదు, చూడాలని అనిపించనూ లేదు. మోచెయ్యి సరిగ్గా కూర్చున్నప్పుడు లోపల ఒకటి తెలిసేది. తలుపు గడియ ఒరుసుకోకుండా పడినప్పుడు చేతికి తెలుస్తుంది చూడండి, అది. ముప్ఫై అయిదేళ్ళు దాన్ని నమ్ముకునే ఆడాడు. ఊరు ఏమనేది? "బాగుంది" అనేది. మహా అయితే, "పుగెర్ ముసలాడు గుర్తొచ్చాడు" అనేది. అది చాలు నెంగాకి, పొంగిపోయి రెండు రోజులు కెర్నికి చెప్పిందే చెప్పేవాడు.

యాభై ఏడో ఏట, వానల్లో, వారం రోజులు జ్వరం కాసింది. జ్వరం తగ్గిన పొద్దున కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ, "కెర్నీ, నా కాళ్ళేవి?" అన్నాడు.

"ఎక్కడికి పోతాయి బ్లీ, ఉన్నచోటే ఉన్నాయి," అంది కెర్ని, కాఫీ కలుపుతూ. బ్లీ అనేది అక్కడి ఆడవాళ్ళు మొగుణ్ణి పిలిచే పిలుపు.

"ఒకదాని మీద ఒకటి ఉన్నాయా, విడిగా ఉన్నాయా?"

కెర్ని చెంచా ఆపింది. మొగుడి మొహం చూసింది. ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం మనిషికి పుట్టాక ఒక్కసారైనా రాదు. లేవబోయాడు. నడుం ఎక్కడుందో తెలియక గోతంలా మంచం మీంచి దొర్లిపడ్డాడు.

డాక్టరమ్మ కళ్ళు మూసుకోమంది. కాలి బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ వంచి, "ఇప్పుడు పైకా, కిందికా?" అని అడిగింది. నెంగా ఊహించి చెప్పాడు. పదిసార్లలో సగం తప్పు. చలి తెలుస్తోంది, గిల్లితే తెలుస్తోంది, బలంగా తన్నమంటే బల్ల కదిలేలా తన్నాడు. వేలు ఏ వైపు ఉందో మాత్రం తెలియడం లేదు.

"రెండు చేతులూ ముందుకి చాపి అలాగే కళ్ళు మూసుకుని ఉండండి," అందామె.

ఉన్నాడు. కదలకుండా ఉన్నానని ప్రమాణం చేసి చెప్పగలడు. పక్కన కెర్ని కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది. కళ్ళు తెరిస్తే తన ఎడమ చెయ్యి తలంత ఎత్తుకి లేచి ఉంది. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా ముడుచుకుని విచ్చుకుంటూ, కనపడని వాయిద్యమేదో మీటుతున్నాయి. చూడగానే ఆగాయి. తన ఒంటి మీద తన చెయ్యే దొంగలా దొరికింది.

"కండల్లో, కీళ్ళల్లో సన్నని నరాలుంటాయి," అంది డాక్టరమ్మ. "చెయ్యి ఎంత వంగింది, కండ ఎంత సాగింది, కాలు ఎక్కడ ఆనింది అని క్షణక్షణం పైకి కబురు పంపుతుంటాయి. పుట్టినప్పట్నించీ వస్తున్న కబురు గనక అదొకటి వస్తోందనే మనకి తెలియదు. జ్వరంతో పోరాడబోయిన మీ ఒంటి కాపలానే దారితప్పి ఆ కబురు నరాల్ని పాడుచేసింది. ఆజ్ఞలు మోసుకెళ్ళే నరాలు నిక్షేపంలా ఉన్నాయి. అందుకే బలం ఉంది, ఆచూకీ లేదు."

"మళ్ళీ వస్తుందా?"

"చెప్పలేను. పూర్తిగా రాకపోవచ్చు. ఇకనుంచీ కళ్ళతో కనిపెట్టుకుని బతకడం నేర్చుకోవాలి."

నేర్చుకున్నాడు. ఆరు నెలలు పట్టింది, తలప్రాణం తోకకొచ్చింది. పాదం చూసి పాదం వేశాడు. తలకి నీళ్ళు పోసుకుంటూ కళ్ళు మూసి కూలబడ్డాడు, తుమ్మి కూలబడ్డాడు. కరెంటు పోతే ఎక్కడున్నవాడు అక్కడే చతికిలబడేవాడు. పేటకి మాత్రం "కాళ్ళ నీరసం" అని చెప్పాడు. సిదకార్య ఆడేవాడు ఊరికి ఒక్కడే. వాడికి ఒళ్ళు స్వాధీనంలో లేదంటే ఊరు బెంబేలెత్తిపోతుంది. పైగా చెప్పడానికి సిగ్గు. చేతులు పోయినవాడికి చూపించడానికైనా ఏదో ఉంటుంది. రెండు చేతులూ ఉండి, అవి నాతో మాట్లాడ్డం లేదంటే ఎవరు నమ్ముతారు?

పండగ దగ్గరపడింది. నెంగా పెరట్లో తన చేతుల్నే చూస్తూ సాధన చేశాడు. వాటిని కళ్ళతో తోలుకుంటూ పోతే ఏదో ఆటలాగే నడిచింది. అయితే సిదకార్య ముఖాన్ని సాధనకి పెట్టుకోకూడదు. పండగనాడు పూజ అయ్యాకే దాని బుట్ట మూత తీస్తారు. నెంగా కొంప ముంచింది ఆ ఆచారమే.

ఆ రోజు మధ్యాహ్నం రాజు, మంత్రి ముఖాలకి కళ్ళ చిల్లులు పెద్దవి గనక ఎలాగో ఒడ్డెక్కారు. సిదకార్య ముఖం మొహాన పడగానే లోకం రెండు చీలికలైపోయింది. ఎదురుగా గుడి గోడ, మేళం వాళ్ళ తలలు, అంతే. మెడ చుట్టూ వెడల్పాటి జరీ పట్టీ. దానికింద పాదాల్లేవు, పక్కన చేతుల్లేవు. మద్దెల పిలుస్తోంది. నెంగా చేతుల్ని పంపాడు. వెళ్ళాయో లేదో ఎవరూ చెప్పలేదు.

అప్పుడేమైందో కెర్ని తర్వాత చెప్తేనే అతనికి తెలిసింది. అడుగులు ఎడంగా, ఊగుతూ పడ్డాయట. చేతులు రెండూ ఒకదానికొకటి సంబంధం లేకుండా గాల్లోకి లేచాయట. పది వేళ్ళూ పది జీవాల్లాగా మెల్లిగా ముడుచుకుంటూ విచ్చుకుంటూ పాకాయట. మద్దెల వాయించేవాడు బిత్తరపోయి లయ తగ్గించాడు. ఎవరో ముసలావిడ, "వచ్చాడమ్మా, సిదకార్యే, ఆయనే వచ్చాడు," అని నేలకి ఒరిగింది. పూజారి జెరో లంద్ర మంత్రం ఆపి ధూపం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముఖం లోపల నెంగా ఏడుస్తున్నాడు. పసుపు బియ్యం ఏ దిక్కుకి పోయిందో దేవుడికెరుక.

నలుగురు పట్టుకుని కూర్చోబెట్టి ముఖం తీశారు. ఊరు ఊరంతా అతని కాళ్ళ ముందుంది. ముప్ఫై అయిదేళ్ళు గడియ పడ్డట్టు ఆడితే "బాగుంది" అన్న మనుషులు, ఇవాళ చేతులు తప్పిపోతే దండాలు పెడుతున్నారు. ఏం చేస్తాడు పాపం? నోరు మూసుకున్నాడు. తప్పే, కాదనను. అందరూ కన్నీళ్ళతో మొక్కుతుంటే, ఇది జబ్బురా నాయనా అని చెప్పడానికి ఎంత గుండె కావాలి.

ఇంటికొచ్చాక నిద్రపోయేవాడు కాదు. పగలంతా అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుని చేతులు చాపేవాడు.

"ఇప్పుడేం చేస్తున్నాయి?" అని కెర్నిని అడిగేవాడు.

"కుడిది లేస్తోంది. చిటికెనవేలు ముడిచింది."

"నేను ముడవలేదు."

"తెలుసు బ్లీ. కళ్ళు తెరువు, నాకు భయంగా ఉంది."

"మరి ఎవరు ముడిచారు?"

డాక్టరమ్మనడిగితే ఎవరూ లేరనే చెబుతుంది. ఎవరూ లేరనే మాటే అతన్ని ఎక్కువ బెదరగొట్టింది. దయ్యమైతే పేరు పెట్టి బతిమాలుకోవచ్చు. ఖాళీని ఏమని పిలుస్తాం?

ఇలా ఉండగా ఒక పొద్దున మేనల్లుడు ఆర్దన వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ వడ్రంగి. చిన్నప్పుడు మామ దగ్గర రెండేళ్ళు నేర్చుకుని మానేశాడు.

"మామా, పేటవాళ్ళు నన్ను నేర్చుకోమన్నారు. నీ తర్వాత ఎవరో ఒకరు ఉండాలి కదా. వచ్చే పండగకి సిదకార్య నేను వెయ్యాలట, నువ్వు పక్కనుండి చూసుకోవాలట."

"మంచిమాటే. ఏదీ, వచ్చినంతవరకూ చూపించు."

ఆర్దన ముంగిట్లో నిలబడి కాళ్ళు ఎడంగా పెట్టాడు. ఊగాడు. చేతులు గాల్లోకి లేపి పది వేళ్ళూ మెల్లిగా పాకించాడు. ఎడమ చెయ్యి తలంత ఎత్తుకి పోయింది, చిటికెనవేలు ముడుచుకుంది. వాడు రాత్రింబవళ్ళు సాధన చేసినట్టున్నాడు, ఒక్క వేలు తప్పు పోలేదు.

తన జబ్బు ఎదురుగా నిలబడి ఆడుతోంది. పెదనాన్న ఏడేళ్ళు మణికట్టు పట్టి ఎక్కించింది, ఆయనకి ఆయన తండ్రి ఎక్కించింది, అదంతా తనతో ఆగిపోయి, ఇక మీదట ఈ వణుకే నాట్యమని నూరేళ్ళు ఆడతారు. వీడి కొడుక్కి వీడు నేర్పుతాడు. ఆ కుర్రాడి మణికట్టు పట్టుకుని ఒక జ్వరాన్ని ఎక్కిస్తాడు.

"ఎలా ఉంది మామా?"

"ఆపరా," అన్నాడు నెంగా. "నీకు దండం పెడతాను, ఆపు. అది నాట్యం కాదు. అది నా రోగం."

అన్నీ చెప్పేశాడు. మంచం మీంచి పడ్డ దగ్గర్నించీ డాక్టరమ్మ మాటదాకా, దాచిన సిగ్గుతో సహా. ఆర్దన కాళ్ళు దగ్గరికి తెచ్చుకుని, "అయితే అసలుది నేర్పు," అన్నాడు.

నెంగా అతని వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మణికట్లు పట్టుకున్నాడు. పట్టుకున్నాననే అనుకున్నాడు. ఆర్దన వీపు అడ్డొచ్చి తన చేతులు తనకి కనపడలేదు.

"మామా, నొప్పి. విరిగిపోతుంది."

వదిలేశాడు. ముందుకొచ్చి చేసి చూపించబోయాడు. తన చెయ్యి వంక చూస్తూ పైకెత్తాడు, ఆపాడు, కొంచెం దించాడు, మళ్ళీ ఆపాడు. ఎక్కడ ఆగాలో కళ్ళకి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ చెయ్యి ఎలా కనపడాలో అతనెప్పుడు చూశాడు గనక? నాట్యమంతా ఏ గదిలో దాచుకున్నాడో ఆ గదే కూలిపోయింది. నెంగా అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత," అంది కెర్ని, చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి. "ఆర్దనా, మోచెయ్యి అంత పైకి కాదు. భుజం కిందికి. ఇంకా. అదీ."

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"ఏం చూస్తారు? ముప్ఫై ఏళ్ళు ఈయన నడుం పట్టీ కట్టి, పండగ పండగకీ పక్కనే నిలబడి చూసినదాన్ని. మీ పెదనాన్ననీ చూశాను. నాకు ఆడ్డం రాదు. తప్పు పోతే మాత్రం పళ్ళలో రాయి పడ్డట్టు తెలుస్తుంది."

అప్పట్నించీ రోజూ తోట పని అయ్యాక పాఠం. కెర్ని ముందు నిలబడి "కాదు, కాదు" అనేది. ఆర్దన సర్దుకునేవాడు. ఎప్పుడో ఒకప్పుడు "అది" అనేది. అప్పుడు నెంగా అడిగేవాడు, "లోపల ఎలా ఉందిరా? భుజంలో బరువు ఉందా? మోచెయ్యి దాని మీద వాలినట్టుందా?" ఆర్దన కళ్ళు మూసుకుని లోపల వెతుక్కుని చెప్పేవాడు. "ఉంది మామా." "అయితే దాన్ని గుర్తుపెట్టుకో. చూపుని నమ్మకు." తనకి ఇక ఎన్నడూ రాని కబురు కోసం నెంగా మేనల్లుణ్ణి అడిగి అడిగి తెలుసుకునేవాడు. ఒక్కోసారి కుళ్ళు కూడా పుట్టేది, దాచడం దేనికి.

పండగకి పది రోజుల ముందు పూజారి దగ్గరికెళ్ళి నిజం చెప్పాడు. జెరో లంద్ర తాపీగా విన్నాడు.

"నీ ఒంట్లో నీకు కబురు రావడం లేదంటావు," అన్నాడు. "ఆయన రావాలంటే ముందు ఇల్లు ఖాళీ చేయించాడన్నమాట."

"అది కాదు జెరో, నరాల జబ్బని డాక్టరు..."

"జబ్బు పంపింది ఎవరు?"

చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినే రకం కాదు. నెంగా దండం పెట్టి వచ్చేశాడు. దారంతా పాదాల్ని చూసుకుంటూ నడుస్తుంటే, ఆయన అన్నది నిజమేనేమోనని ఒక్కక్షణం అనిపించింది. ఆ ఆలోచన జ్వరం కన్నా భయపెట్టింది.

పండగ రోజు మగాళ్ళంతా తెల్లారే చేరి లవార్ అనే పండగ వంటకం కోసం కత్తులతో మాంసం కొడుతుంటే, నెంగాని ఆడవాళ్ళ దగ్గర ఉల్లిపాయలు వొలవమన్నారు. వాటినీ చూస్తూనే వొలిచాడు. మధ్యాహ్నం ముంగిట్లో ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన కెర్ని.

సిదకార్య తెర తొలగించుకుని వచ్చాడు.

అడుగు పడింది. మోకాలు వంగింది. భుజం దిగింది, దాని మీద మోచెయ్యి వాలింది, మణికట్టు తిరిగి వేళ్ళ కొసల్లో సన్నని కంపం పుట్టి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పెదనాన్న ఎదురుగా ఉన్నాడు. కాదు, తనే ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళు లోపలినుంచి మాత్రమే తెలిసినదాన్ని జీవితంలో మొదటిసారి కళ్ళతో చూస్తున్నాడు. ఇంత బాగుంటుందా ఇది? చెప్పలేదేం ఎవరూ? చూస్తున్నాడు గానీ, ఒంట్లో ఎక్కడా దానికి బదులు పలకలేదు. కిటికీలోంచి తన ఇంటి దీపాన్ని తనే బయట నిలబడి చూసినట్టుంది.

"ఏడవకు బ్లీ," అంది కెర్ని.

ఆర్దన నాలుగు దిక్కులకీ పసుపు బియ్యం చల్లాడు. పండగ పూర్తయింది. జనం లేచారు. వెనకనించి మాటలు వినపడుతున్నాయి.

"బాగుంది."

"బాగుందిలే. ఆయన మాత్రం రాలేదీసారి."

మద్దెల వాయించే ముసలాయన నెంగా భుజం తట్టి ఓదార్చాడు. "దిగులుపడకు. కుర్రాడు, ఇంకా వట్టి నాట్యమే వచ్చింది. వచ్చే పండక్కి నువ్వే వెయ్యి."

ఆర్దన ముఖం తీసి, చెమట కారుతుండగా వచ్చి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. దీవించాలి. నెంగా కుడిచెయ్యి ఎత్తి, దాన్ని చూడబోయాడు. కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకుందామంటే ఎడమ చెయ్యీ కనపడలేదు. లోకమంతా అలికేసినట్టయింది. అందులో చెయ్యి ఎక్కడో తప్పిపోయింది.

మేనల్లుడి తల మీదుగా నెంగా చెయ్యి తేలిపోతోంది, వేళ్ళు ఒక్కొక్కటీ పాకుతున్నాయి. వెనక్కి మళ్ళిన జనం తిరిగొచ్చారు. ఎవరో నేలకి ఒరిగారు. ధూపం వాసన దగ్గరైంది.

"చెయ్యి కనపడ్డం లేదురా," అన్నాడు నెంగా, వాడికి మాత్రమే వినపడేలా.

ఆర్దన తలెత్తలేదు. కిందనించే చెయ్యి చాపి మామ మణికట్టు పట్టుకున్నాడు, మెల్లిగా దించి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. జారిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టాడు.

"ఎక్కడుంది?"

"నా తల మీదే ఉంది మామా. నేను పట్టుకునే ఉన్నాను."